గంట కొట్టే మనిషికి పోస్టు లేదు

(నందిగామలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాణ్ణి నందిగామ పిలిచి మైకు చేతికిచ్చారు. ముందుగా అందుకు దండాలు. 2011లో నేను డిగ్రీ విద్యార్థిని. 42 రోజుల సకల జనుల సమ్మెలో మా వైపు పంతుళ్లు కూడా దిగారు, బడులు మూతబడ్డాయి. 2013లో సమైక్యాంధ్ర సమ్మెకు మీ బడులు మూతబడ్డాయి. నినాదాలు వేరు, తాళం కప్ప ఒకటే. ఆ తాళం వేసి మళ్లీ తీసిన మనిషి సంగతి మేమూ అడగలేదు, మీరూ అడగలేదు. ఇవాళ ఆ మనిషి గురించే మాట్లాడతాను.

ఈమధ్య వార్త కోసం జగ్గయ్యపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు పోయాను. ఊరి పేరు చెప్పను, చెబితే పాపం హెడ్మాస్టరుకు మెమో వస్తుంది. దగ్గర దగ్గర మూడొందల మంది పిల్లలు. పొద్దున్నే గేటు తీసింది ఆయమ్మ. ఆమే వరండా ఊడ్చింది, దొడ్లు కడిగింది. అటెండరు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. గంట కొట్టింది తొమ్మిదో తరగతి పిల్లాడు. గుమస్తా సీటూ ఖాళీయే. లెక్కల మాస్టారు క్లాసు వదిలేసి కంప్యూటరు ముందు జీతాల బిల్లు ఎక్కిస్తున్నాడు. "నేను లెక్కలే చేస్తున్నా గదండీ" అని నవ్వాడు. ఆ గంటసేపు పిల్లలకు లెక్కలు లేవు.

ఇది ఒక్క ఊరి కథనా? ఎట్లా వచ్చిందో చూద్దాం.

1972లో ముల్కీ తీర్పు మీద ఇక్కడ జై ఆంధ్ర లేచింది, ఎన్జీవోలు సమ్మెకు దిగారు. తర్వాత ఆరు సూత్రాలు, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. గుమస్తా స్థాయి, అంతకు కింది కొలువుల్లో నూటికి 80 జిల్లా వాళ్లకే అన్నారు. అంటే బడిలో గుమస్తా, రికార్డు అసిస్టెంటు, అటెండరు, వాచ్‌మన్ పోస్టులు అక్కడి పేదింటి పిల్లలకు దక్కాల్సినవి. 1994లో రెండో నంబరు చట్టం వచ్చింది. రోజుకూలీ నియామకాలు బంద్ అన్నారు. అప్పటికే ఐదేళ్లు పనిచేసినవాళ్లను పర్మినెంటు చేయడానికి 212 జీవో ఇచ్చారు, ఆ గీతకు ఒక్కరోజు ఇవతల పడ్డవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. దొడ్డిదారి మూయడం తప్పని నేననను. కానీ రాజమార్గం తెరవలేదే! పాతవాళ్లు రిటైరవుతూ పోయారు, పోస్టులు ఖాళీగా మిగిలిపోయాయి. 80 శాతం వాటా చేతికిచ్చి కింద కుర్చీ లాగేశారు. శాతాల మీద మనం తలలు పగలగొట్టుకున్నాం, కుర్చీ ఏదని అడగలేదు.

ఇప్పుడు వంటమ్మ సంగతి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిలో వండిన అన్నం పెట్టాలంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. 2009 డిసెంబరు నుంచి కేంద్రం లెక్కలో వంటమ్మకు నెలకు వెయ్యి, అదీ ఏడాదికి పది నెలలే. ఎండాకాలం ఆమెకు ఆకలి ఉండదని ఢిల్లీ లెక్క కాబోలు. రాష్ట్రం కలిపితే అది మూడు వేలయింది. దాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటారు. గౌరవం ఎంతుందో వేతనం అంతే ఉంది. మీ దగ్గర 2021 నుంచి మరుగుదొడ్లు కడిగే ఆయాకు ఆరు వేలు, 2023లో పెట్టిన రాత్రి కాపలాదారుకూ ఆరు వేలే.

ఇది మీ రాష్ట్రాన్ని ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. మా దగ్గర బడులు ఊడ్చేవాళ్లను కరోనా కాలంలో తీసేసి పని పంచాయతీల నెత్తిన పెట్టారు. స్వరాష్ట్రం వచ్చాక జరిగిన పని అది. జెండా పట్టుకుని తిరిగినవాణ్ణి గనుక ఈ మాట నేనే చెప్పాలి. సమగ్ర శిక్ష ఉద్యోగులు ఇక్కడ 2023 డిసెంబరులో, అక్కడ 2024 డిసెంబరులో సమ్మె చేశారు. గరికపాడు చెక్‌పోస్టుకు ఇటూ అటూ అవే టెంట్లు, అవే డిమాండ్లు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. స్థానికత స్థానికత అని రోడ్డు మీద గొంతులు చించుకున్నాం. ఆ స్థానికత ఎక్కడ రాసి ఉంటుంది? బడి అడ్మిషన్ రిజిస్టరులో! 1975 ఉత్తర్వుల ప్రకారం పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావన్నది లెక్క. తెలంగాణలో 2018 ఉత్తర్వులు వాటాను 95 శాతానికి పెంచి, ఒకటి నుంచి ఏడు దాకా చదువు చూడమన్నాయి. కోదాడ పిల్లాడు జగ్గయ్యపేటలో, జగ్గయ్యపేట పిల్ల కోదాడలో చదివే సరిహద్దు ఇది. స్టడీ సర్టిఫికెట్టులో ఒక్క ఏడాది తప్పు పడితే బతుకే తారుమారు. ఆ రిజిస్టరుకు చెద పట్టకుండా చూసి, వెతికి తీసి, రాసిచ్చే మనిషి రికార్డు అసిస్టెంటు. నేను పోయిన బడిలో రిజిస్టర్లు బియ్యం బస్తాల గదిలో ఉన్నాయి. ఎలుకలు తినేది బియ్యం ఒక్కటేనా?

ఉపాధ్యాయ సంఘాల పెద్దలు ముందు వరుసలోనే ఉన్నారు. మీ డిమాండ్ల కాగితంలో డీఏ ఉంది, పీఆర్సీ ఉంది, బదిలీలు ఉన్నాయి, అన్నీ న్యాయమే. దాని మొదట్లో ఒక్క లైను రాయండి: ప్రతి హైస్కూలుకు గుమస్తా, రికార్డు అసిస్టెంటు, అటెండరు, వాచ్‌మన్ పోస్టులు నింపాలి, వంటమ్మకు, ఆయాకు పన్నెండు నెలలు కనీస వేతనం ఇవ్వాలి. వచ్చే ధర్నాకు టెంటు వేసే ముందు వంటమ్మను కూడా పిలవండి. కూర్చోవడానికి కుర్చీ వేయండి, ఆ రోజు ఆమె చేత టీ పెట్టించకండి.