పొలమును కాపాడు పట్టిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సభాపర్వమున నారదుడు ధర్మరాజును, నీ రాజ్యమున చెఱువులు నిండియున్నవా యని ప్రశ్నించెను. నేడు విచ్చేసినచో, చెఱువు క్రింద పొలము మిగిలినదా యని కూడ అడుగును.

మాగాణి నడుమ ఒక్క చెక్క ఇండ్లస్థలములైనచో బోదె పూడిపోవును. దిగువ చేలు ఎండును. అమ్మకము ఒకనిది, నష్టము ఊరిది. బిడ్డ పెండ్లికై అమ్మువానిని నిందింపరాదు. కాని ఏ నేల ఇండ్లకు, ఏ నేల పంటకు అను విచారణ ఊరు ముందే చేసికొనవలెను.

కేరళమున 2008 నాటి వరిపొలముల, చిత్తడినేలల సంరక్షణ చట్టము ఈ భారమును స్థానిక పర్యవేక్షణ సంఘముపై ఉంచినది. పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయాధికారి, గ్రామాధికారి, ముగ్గురు వరిరైతులు అందు సభ్యులు. సర్వే నంబరు, విస్తీర్ణములతో వరిచేల పట్టికను వారు సిద్ధపఱచి ప్రకటింపజేయుదురు.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకై పేర్కొన్న 29 విషయములలో మొదటిది వ్యవసాయమే.

అట్టి పట్టిక యొకటి మన గ్రంథాలయమున నుండవలెనని నా మనవి. ప్రతి చేనికి నీరిచ్చు బోదెను, దాని దిగువ రైతుల పేర్లను అందు వ్రాయుదము. లేఅవుటు అర్జీ వచ్చిననాడు గ్రామసభలో దానిని విప్పి చదువుదము. ఇండ్లకు మెట్టను చూపి, మాగాణిని నిలుపుకొందము.