యోగము, క్షేమము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన విద్యార్థులనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. జీవితమెల్ల బడిపిల్లల నడుమ గడపినవాడను గనుక నీ యాజ్ఞ నాకు సంతోషకరమే.

మనము కలిసికొనినపుడెల్ల యోగక్షేమములు విచారింతుము. అందు రెండు పదములున్నవి. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. నేడు పత్రికలు ‘సుస్థిరత’ యని వ్రాయునది యీ రెండవదియే. యోగమునకు మనవారెన్నడును వెనుదీయలేదు. పుస్తెలమ్మియైనను పిల్లలను చదివించితిమి. హైదరాబాదునకును, అమెరికాకును పంపితిమి. క్షేమమునందు మాత్రము మనకు శ్రద్ధ చాలలేదని మనవిచేయుచున్నాను.

మన కోనసీమ చరిత్రమే యిందుకు సాక్షి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ప్రారంభించి 1852లో ముగించెను. వీణెం వీరన్నగారు ఆయనకు కుడిభుజమై నిలిచిరి. గన్నవరమువద్ద వైనతేయపాయమీదుగా 49 ఖానాల అక్విడక్టు కట్టి రాజోలు సీమకు నీరు దాటించిరి. ఇదియంతయు యోగము. అయితే చేనికి నీరు వచ్చుట యెంత ముఖ్యమో, ఎక్కువైన నీరు పోవుటయు నంత ముఖ్యము. మురుగుకాలువ పూడి, గుఱ్ఱపుడెక్క పట్టినచో ఒక్క వానకే చేలు మునుగును. 2011 ఖరీఫునందు కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి వేలకొలది యెకరములు బీడుపెట్టిరి. ధాన్యమునకు గిట్టుబాటు ధర లేకుండుట, కూలిఖర్చులు పెరుగుట, మురుగు పోకుండుట అందుకు ముఖ్యకారణములు. నాగలి పట్టినచేయి తానుగా నాగలి దింపుటకంటె దేశమున కరిష్టమేమున్నది?

రాజోలు ప్రాంతమున శంకరగుప్తం డ్రెయినుగుండ సముద్రపుటుప్పునీరు ఎగదన్ని కొబ్బరితోటలు మోడువారుటయు మనమెఱిగినదే. నాటు కొబ్బరి మొక్క నాటి కాపు చూచుటకు ఆఱేడేండ్లు పట్టును. నేలకు పట్టిన యుప్పు విఱిగినగాని మరల మొక్క నాటుటకైనను వీలుపడదు.

మన సంఘపు విద్యార్థివేతనముతో చదువుకొనుచున్న యొక బాలిక యీ నడుమ నాతో, “మాస్టారండీ, నేను వ్యవసాయశాస్త్రము చదివి, ఉప్పుబారిన నేలలను బాగుచేయు పనియే వృత్తిగా చేసికొందును” అనెను. ఆమె తండ్రి కౌలురైతు. “ఇంత చదివియు మరల చేని గట్టుమీదనే నిలుచునా?” యని ఆయన చింతించుచున్నాడు. ఆ చింతను నేను తేలికగా చూడను. జీతము రాని వ్రతము ఇల్లు గడుపదు. కావున నీ చదువునకు బ్రతుకుతెరువు కలదా యని మొదట విచారింపవలెను.

కలదనుటకు దూరము పోనక్కఱలేదు. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానమున్నది. 2016లో మనదేశమున కనబడిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి ఆకుల రసము పీల్చి, జిగురు విడిచి, దానిపై మసిబూజు పట్టించి చెట్టును క్షీణింపజేయును. పురుగుమందు కొట్టినచో ఆ దోమను చంపు ఎన్‌కార్సియా యను సూక్ష్మమైన కందిరీగయు చచ్చును. అందువలన శాస్త్రజ్ఞులు మిత్రకీటకములను కాపాడుమనియు, ఇసేరియా యను శిలీంధ్రమును వాడుమనియు బోధించుచున్నారు. విషము లేక చీడ నడచుట, నేల చెడక పంట పండుట, ఇదియే క్షేమవిద్య. బాపట్లలో 1945లో నెలకొన్న వ్యవసాయ కళాశాల, వెంకట్రామన్నగూడెమందలి ఉద్యాన విశ్వవిద్యాలయము ఈ విద్యకు ద్వారములు. మురుగుపారుదల నెఱిగిన ఇంజనీర్లును మనకు కావలెను.

అయితే సర్కారు కొలువులు కొద్ది, చదివినవారెల్లరకును దొరకవు. ఇచటనే దాతల కర్తవ్యమున్నది. ప్రతి సంవత్సరము ఒక విద్యార్థివేతనము ఈ విద్య కొఱకే ప్రత్యేకింపుడు. ఆ వేతనము పొందినవారు సెలవులలో మన గ్రామముల మట్టిని, మురుగుకాలువల నీటిని పరీక్షింపించి, ఉప్పు ఎచట ఎంతయున్నదో మఱుసటి మహాసభలో చదివి వినిపింపవలెను. చదువు ముగిసిన పిదప, పది గ్రామముల రైతులు కలిసి జీతమిచ్చి అట్టివారిని నియమించుకొనినచో ఆ తండ్రి చింత తీరును. కల్యాణమండపమునకు చందా యిచ్చిన చేతులకు ఇది భారము కాదు.

విద్యార్థులారా! సభలో ప్రతిజ్ఞచేయుట సులభము. వేసవియెండలో పంటబోదె గట్టున నిలిచి నీటిని సీసాకెత్తుట కష్టము. ఆ కష్టమునకు సిద్ధపడినవారే ఈ త్రోవ పట్టుడు. వేఱుత్రోవ పోవువారిని నేను నిందింపను. వారు పంపు ధనముకూడ మనకు కావలసినదే.

పెద్దలారా! సంపాదించువానిని గౌరవించుట మనకు అలవాటే. కాపాడువారినికూడ అంతటి గౌరవముతో చూడుడు. ఆ బాలిక పట్టా పుచ్చుకొని వచ్చునాటికి ఆమెకొక కొలువు మన సీమలోనే సిద్ధముగానుండునట్లు ఈ సభ తీర్మానించునుగాక యని ప్రార్థించుచున్నాను.