తువ్వాలు లేని బేరం
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సుబేదార్ గారూ, మీరు 28 ఏళ్ళు స్టోర్లలోనే గడిపారు కదా, సర్కారు కొనుగోళ్ళ మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. "యుద్ధం కబుర్లయితే జనం వింటారు గానీ టెండర్ల గురించి ఎవరు వింటారండీ?" అన్నాను. "భోజనాలకు ముందు పెడతాం లెండి, ఎక్కడికీ పోరు" అన్నారాయన. కాబట్టి మీ ఆకలి సంగతి నాకు గుర్తుంది. క్లుప్తంగానే చెబుతాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా నాన్న ఎడ్ల సంతకు వెళుతూ చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు. అక్కడ బేరం నోటితో చెయ్యరు. చేతుల మీద తువ్వాలు కప్పుకొని, దాని కింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి ముక్క అర్థం కాదు. ఇంటికొచ్చాక "ఎంతకు కుదిరింది?" అని అమ్మ అడిగితే, నాన్న చెబితే చెప్పేవాడు, లేకపోతే లేదు. ఆయన డబ్బు, ఆయన ఎద్దులు. మోసపోతే ఆ నష్టమూ ఆయనదే.

సర్కారు కొనుగోలులో ఆ తువ్వాలు ఉండకూడదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మిగతాదంతా దానికి వివరణ.

కేంద్ర ప్రభుత్వానికి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ అని ఒక నిబంధనల పుస్తకం ఉంది. 2005లో వచ్చినదాన్ని 2017లో తిరగరాశారు. అందులో 21వ నిబంధన సారాంశం ఏమిటంటే, ఇంగితజ్ఞానం ఉన్న మనిషి సొంత డబ్బు ఖర్చు చేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో ప్రభుత్వ సొమ్ము విషయంలోనూ అంత జాగ్రత్తగా ఉండాలి. మనవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. "నేను సొంత డబ్బులాగే చూసుకున్నాను సార్" అంటారు. కానీ 144వ నిబంధన ఇంకొంచెం ముందుకెళ్ళి, పొదుపు ఒక్కటే చాలదు, పారదర్శకత ఉండాలి, సరఫరాదారులందరినీ ఒకేలా చూడాలి, పోటీ పెంచాలి, జవాబుదారీ నీదే అంటుంది. అంటే సొంత డబ్బులా జాగ్రత్తపడు గానీ, సొంత డబ్బులా గుట్టుగా ఖర్చుపెట్టకు అని.

ఈ తేడా నాకు పుస్తకం చదివితే తెలియలేదు. ఒక తప్పు చేస్తే తెలిసింది. ఇన్నేళ్ళూ దాన్ని నలుగురిలో చెప్పుకోలేదు. మీరు నావాళ్ళు కాబట్టి ఇవాళ చెబుతున్నాను.

అది 1993. నేను హవల్దారుని, ఒక యూనిట్లో స్టోర్ల గుమాస్తాని. ఈశాన్యంలో కొండల కింద టెంట్ల క్యాంపు. ఆ వైపు వానలు ఏప్రిల్ నుంచే మొదలవుతాయి. పాత టార్పాలిన్లు చిరిగిపోయాయి. ఇండెంటు పెట్టినా డిపో నుంచి కొత్తవి రాలేదు. క్వార్టర్‌మాస్టర్ సాబ్ మంచి మనిషి, జవాన్ల సుఖం కోసం తాపత్రయపడే రకం. "రెయిన్స్ నెత్తిమీదకొచ్చాయి, లోకల్‌గా కొనెయ్యి" అన్నారు.

60 టార్పాలిన్లు కావాలి. ఒకే బిల్లుగా కొంటే మా కమాండింగ్ ఆఫీసరు అధికార పరిమితి దాటుతుంది. పై హెడ్‌క్వార్టర్స్ మంజూరు రావాలంటే నెల పడుతుంది. అందుకని 60ని 15 చొప్పున 4 బిల్లులు చేశాం. కంటోన్మెంటు బయట ఒక దుకాణదారు మాకు అలవాటే. "మూడు కొటేషన్లు కావాలి, అంతేగా హవల్దార్ సాబ్? మీకెందుకు శ్రమ, నేనే తెస్తాను" అన్నాడు. తెచ్చాడు కూడా. మూడు దుకాణాల పేర్లు, మూడు లెటర్‌హెడ్లు. వాటిలో అతని ధరే తక్కువ. సరుకొచ్చింది. నేను లెక్కపెట్టాను. 60 ఉన్నాయి. సంతకం పెట్టాను.

ఇందులో ఎవరమూ పైసా తినలేదు. ఆ దుకాణంలో నేను టీ కూడా తాగలేదు. ఈ మాట ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. అయినా అది తప్పే.

రెండో వానకే టార్పాలిన్లు కారడం మొదలెట్టాయి. కంబళ్ళు తడిశాయి, స్టోరులో ఆటా బస్తాలు తడిశాయి. శ్రీకాకుళం కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు. తడి పక్క మీద పడుకుని జ్వరం తెచ్చుకుని ఫీల్డ్ ఆసుపత్రిలో చేరాడు. చూడ్డానికి వెళితే తెలుగులో మెల్లగా, "అన్నా, అవి మీరు కొన్నవేనా?" అని అడిగాడు. నిష్ఠూరంగా అనలేదు, ఊరికే అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

తర్వాత ఆడిట్ పార్టీ వచ్చింది. అందులో ఒక పెద్దాయన మూడు కొటేషన్లూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. మూడింటిలోనూ ఇంగ్లీషు ఆర్ అక్షరం తల విరిగే ఉంది. "ఈ మూడు దుకాణాలకీ టైప్‌రైటరు ఒకటేనా బాబూ?" అన్నాడు. వరస తేదీల్లో 4 బిల్లులు, ఒకే దుకాణం. ఎంక్వయిరీ జరిగింది. క్వార్టర్‌మాస్టర్ సాబ్ రికార్డులో మచ్చ పడింది. నా ప్రమోషన్ వెనక్కి పోయింది. "మేం నిజాయితీగానే చేశాం" అని చెప్పుకున్నాం. కానీ ఆ మాటకు ఆధారంగా చూపించడానికి ఫైలులో ఒక్క కాగితం లేదు.

ఆ తర్వాత పదహారేళ్ళ సర్వీసులోనూ, రిటైరయ్యాక ఒక ప్రభుత్వరంగ సంస్థ స్టోర్స్‌లో చేసిన ఉద్యోగంలోనూ ఒక అలవాటు చేసుకున్నాను. ఏ నిబంధన చదివినా, "ఇది ఆ 60 టార్పాలిన్లలో ఏ కన్నం పూడ్చేది?" అని అడుగుకునేవాణ్ణి. అలా చదివితే నిబంధన బరువనిపించదు.

మొదటిది అవసరం. ఏం కావాలి, ఎన్ని, ఎప్పటికి అన్నది ముందు కాగితం మీద పెట్టి, అధికారం ఉన్నవారి ఆమోదం తీసుకోవాలి. మన సైన్యంలో దీన్ని యాక్సెప్టెన్స్ ఆఫ్ నెసెసిటీ అంటాం. పై మంజూరు తప్పించుకోవడానికి అవసరాన్ని ముక్కలు చెయ్యకూడదు. మేం చేసింది సరిగ్గా అదే. డిపో సరుకు రాదని ఫిబ్రవరిలోనే తెలిసింది. అప్పుడే కాగితం కదిపి ఉంటే ఏప్రిల్‌కి మంజూరు చేతిలో ఉండేది. మా ఆలస్యాన్ని మేం అత్యవసరం అని పిలుచుకున్నాం.

రెండోది స్పెసిఫికేషన్. గుడ్డ ఏ రకం, బరువెంత, నీరు ఎంతసేపు ఆగాలి అని రాయాలి. బ్రాండు పేరు రాసి మిగతావాళ్ళకు తలుపు మూయకూడదు. మేం "టార్పాలిన్ – 60" అని రాశాం. దుకాణదారు టార్పాలినే ఇచ్చాడు, అబద్ధమాడలేదు!

మూడోది పోటీ. చిన్న కొనుగోళ్ళకు నిబంధనలు సులువు దారే పెట్టాయి. 2017 నిబంధనలు వచ్చినప్పుడు 25,000 రూపాయల దాకా కొటేషన్ లేకుండా కొనవచ్చన్నారు. కాకపోతే నాణ్యత, ధర, అమ్మేవాడి నమ్మకం నేను స్వయంగా చూసుకున్నానని కొనేవాడు పేరుతో రాసివ్వాలి. 2,50,000 దాకా ముగ్గురు సభ్యుల కమిటీ బజారు తిరిగి కొనాలి. 25 లక్షల దాకా తెలిసిన సరఫరాదారులకు టెండరు పంపవచ్చు. అది దాటితే ప్రకటన ఇచ్చి అందరినీ పిలవాలి, మామూలుగా కనీసం 3 వారాల గడువివ్వాలి. ఈ అంకెలు తర్వాత పెంచారు, ఇంకా మారతాయి. అందుకని కొనే ముందు తాజా ఉత్తర్వు చూసుకోండి. అంకె మారినా సూత్రం మారదు. సొమ్ము పెరిగేకొద్దీ చూసే కళ్ళు పెరగాలి. మా మూడు కొటేషన్లలో ఉన్నది ఒక్క మనిషే. పోటీ కాగితం మీదే తప్ప బజారులో లేదు.

నాలుగోది ఎంపిక. ముఖ్యమైన టెండర్లలో రెండు కవర్లు ఉంటాయి. సాంకేతిక కవరు ముందు తెరుస్తారు, అందులో నెగ్గినవారి ధర కవరే తర్వాత తెరుస్తారు. ఎల్-1 అంటే అందరికంటే చవక అని మనవాళ్ళు అపోహపడతారు. అది పొరపాటు. కావలసిన నాణ్యతకు తూగినవారిలో తక్కువ ధర అని దాని అర్థం. తూగనివాడి ధర లెక్కలోకే రాదు. సేవల విషయంలో నాణ్యతకూ మార్కులు వేసి ధరతో కలిపి చూసే వీలు కూడా ఉంది. 2021 అక్టోబరు ఆదేశాలతో ఆ పద్ధతిని పనులకూ, కన్సల్టెన్సీ కాని సేవలకూ కొన్ని షరతులతో విస్తరించారు.

ఐదోది సరుకు తీసుకోవడం. సీలు వేసిన శాంపిలుతో పోల్చి, పరీక్షించి, అప్పుడు రసీదు రాయాలి. లెక్కపెట్టడం తనిఖీ కాదు. బకెట్టు నీళ్ళు ఒక్క టార్పాలిన్ మీద పోసి ఉంటే చాలు, ఆ కుర్రాడికి జ్వరం వచ్చేది కాదు. అది చెయ్యనిది నేను. ఇందులో క్వార్టర్‌మాస్టర్ సాబ్ తప్పు లేదు, దుకాణదారుదీ కాదు.

ఇక్కడ ఎవరైనా, "అన్నా, శత్రువు ఎదురుగా ఉంటే టెండరు పిలుస్తామా?" అనవచ్చు. న్యాయమైన ప్రశ్న. నిబంధన ఆ దారి మూయలేదు. అత్యవసరమైతే ఒక్కరి దగ్గరే కొనవచ్చు. కాకపోతే ఎందుకో రాసిపెట్టి, తగిన అధికారి ఆమోదం తీసుకోమంది. అలాగని అత్యవసరం అన్న మాట రాసినంత మాత్రాన సరుకు రెక్కలు కట్టుకుని రాదు. 1999 కార్గిల్ కోసం చేసిన కొనుగోళ్ళ మీద కాగ్ 2001లో నివేదిక ఇచ్చింది. చాలా భాగం సరుకు పోరు ముగిశాకే చేరిందని అందులో తేల్చింది. యుద్ధం వచ్చాక కొనడం మొదలుపెడితే ఇంతే. శాంతికాలంలో ఫైలు పద్ధతిగా కదిలితేనే ఆపదలో చేతికి సరుకు అందుతుంది.

అలాగని నిబంధనల వల్ల అంతా బాగుందనీ అనను. ఫైలు మీద సంతకం పెట్టడానికి భయపడి, ఒక ప్రశ్న వేసి వెనక్కి పంపే అధికారుల్ని మీరూ చూశారు, నేనూ చూశాను. టార్పాలిన్ కారడం ఎంత తప్పో, వానలు పోయాక టార్పాలిన్ రావడమూ అంతే తప్పు. నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ జవాబు చెప్పాలి.

ఇప్పుడు రోజులు మారాయి. ఎన్నో ఏళ్ళు రేటు కాంట్రాక్టులు చూసిన డి.జి.ఎస్. అండ్ డి. 2017 అక్టోబరు 31తో మూతపడింది. అంతకు ముందే 2016 ఆగస్టులో జెమ్ పోర్టల్ మొదలైంది. కంప్యూటర్లో కొంటున్నాం కాబట్టి తువ్వాలు పోయిందనుకోకండి. ఒకడే మూడు పేర్లతో అమ్మకానికి నిలబడితే, లేదా ఒక్క కంపెనీకే సరిపోయేలా షరతులు రాస్తే, అది కంప్యూటరు మీద కప్పిన తువ్వాలే. టైప్‌రైటరు పోయింది, విరిగిన ఆర్ పోలేదు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మనవి. 2009 నాటి డిఫెన్స్ ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్ స్థానంలో కొత్తది 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. క్లర్కు చదువుతాడులే అని వదిలెయ్యకండి. సంతకం మీది. ఎవరైనా పైవారు నోటిమాటగా చెబితే, "చెప్పిన ప్రకారం" అని మర్యాదగా నోట్ షీట్‌లో రాయండి. అది ఎదురు తిరగడం కాదు. మీరు బదిలీ మీద వెళ్ళిపోయాక మీ తరఫున మాట్లాడేది ఆ నోటు ఒక్కటే. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక ఆ ఫైలు ఎవరైనా అడగవచ్చు కూడా.

రిటైరైన అన్నలకు మరొకటి. మనలో కొందరు చిన్న వ్యాపారాలు పెట్టుకుని సర్కారుకు సరుకు అమ్ముతున్నారు. మంచిదే. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కేంద్ర శాఖలు, సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతం కొనాలని విధానం ఉంది. 2006 నాటి చట్టం ప్రకారం అలాంటి సంస్థలకు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఈ హక్కులు తెలుసుకుని అడగండి. పాత పరిచయం వాడుకుని, "మా వాడే కదా, చూసుకుంటాడు" అని మాత్రం వెళ్ళకండి. మీ పరిచయానికి మూల్యం చెల్లించేది ఆ కుర్చీలో కూర్చున్న మన తమ్ముడే.

చివరిగా ఒక్క మాట. 1993 తర్వాత నేను ఏ కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టినా, ఆడిట్ పెద్దాయన కంటే ముందు ఆ శ్రీకాకుళం కుర్రాడు గుర్తొచ్చేవాడు. "అన్నా, ఇది మీరు కొన్నదేనా?" అని వాడు అడిగితే, "అవున్రా, నేనే కొన్నాను, ఇదిగో ఫైలు" అని చెప్పగలనా? చెప్పగలననిపిస్తే సంతకం పెట్టేవాణ్ణి. లేకపోతే పెన్ను మూసేవాణ్ణి.

 

జై హింద్.