ఉద్దానం ఇంటి ఆదాయం: ఏం కలపాలి, ఏం తీసెయ్యాలి



మన దేశంలో పేదరికాన్ని ఇంతకాలం ప్రధానంగా ఖర్చుతోనే కొలిచాం. ఆదాయం అడిగితే జనం సరిగ్గా చెప్పరన్న అనుమానంతో నేషనల్ శాంపిల్ సర్వే వాళ్లు దశాబ్దాలుగా వినియోగ ఖర్చునే రాసుకుంటూ వచ్చారు. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పేదరిక గీత మనిషికి నెలకు 860 రూపాయలు. ఇప్పుడు దేశమంతటా కుటుంబ ఆదాయ సర్వే చేస్తామని కేంద్ర గణాంక శాఖ ప్రకటించింది. నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గడప ఎక్కేముందు ప్రశ్నావళిని సరిచూసుకోవాలి.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పు తెచ్చి మందులు కొన్న ఇంటికి ఆ సొమ్ము వినియోగం కింద నమోదవుతుంది. ఇల్లు మునిగిపోతుంటే లెక్కలో మాత్రం గీత దాటేస్తుంది! ఆదాయం అడిగినా ఈ ప్రమాదం తప్పదు. డయాలిసిస్ రోగికి వచ్చే 10,000 రూపాయల పింఛను అయిదుగురున్న ఇంట్లో తలకు 2,000 చొప్పున కలుస్తుంది. వారంలో రెండు మూడుసార్లు పలాసకో టెక్కలికో వెళ్లే ఆటో కిరాయి, తోడు వెళ్లిన భార్య పోగొట్టుకున్న కూలి ఎవరు తీసేస్తారు? జబ్బు ఖర్చు కలిపి ఒక పేదరిక రేటు, తీసేసి ఒక రేటు, రెండూ ప్రచురించాల్సిందే. ఈ విషయంలో రాజీ పనికిరాదు.

ఇక జీడిపప్పు. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల పొట్టు తీసే ఆడవాళ్లకు కూలి కిలో లెక్కన. పప్పు ఇంటికి తెచ్చుకుంటే అత్తగారూ, బడి నుంచి వచ్చిన పిల్లా చెరో చెయ్యి వేస్తారు. "నెలకు మీ ఆదాయం ఎంతమ్మా?" అంటే ఆ తల్లి, "ఎంతని చెప్పమంటారు బాబూ" అంటుంది. ఆమె దాచడం లేదు. నిన్న ఎన్ని కిలోలు తీశారు, ఎంతమంది కూర్చున్నారు, కిలోకి ఎంతిచ్చారు అని అడగండి, తడుముకోకుండా చెబుతుంది. అదీ ఒక్కసారి అడిగితే చాలదు. జీడిపిక్కలు దిగే వేసవిలో ఒకమాటు, పని పలచబడ్డ వానాకాలంలో ఒకమాటు వెళ్లాలి.

వేటకు గుజరాత్ వెరావల్ వెళ్లే మత్స్యకారుడు బయల్దేరేముందు తీసుకునే అడ్వాన్సు సంగతీ అంతే. అది ముందే తిన్న కూలి. వచ్చిన నెల ఆదాయంగా రాస్తే ఆ తర్వాత నెలలన్నీ అబద్ధమవుతాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడతాయి. ఆ మధ్యకాలం ఇల్లు దేనిమీద నడిచిందో అడిగే గడి ఫారంలో ఉండాలి. జిల్లా మొత్తానికి ఒకే సగటు తీస్తే ఇవేవీ కనబడవు. అందుకే నమూనాలో తీరం ఊళ్లనూ తోటల ఊళ్లనూ వేరుగా ఎంచాలి.

ఈ సభలో ఉన్న అర్థశాస్త్ర అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. ఫారం ఖరారు కాకముందే మీ విద్యార్థులతో ఒక్కో ఊళ్లో దాన్ని నింపించి చూడండి. సమాధానం రాని ప్రశ్నలన్నిటినీ గణాంక శాఖకు రాసి పంపండి.