జులై 4న మనకు ఎన్ని జ్ఞాపకాలు?



ఈ దేశంలో మన తెలుగు సభలు తరచుగా జులై 4 సెలవులలోనే జరుగుతూ వస్తున్నవి. ఉద్యోగస్తులకు వీలు, బంధువుల రాకపోకలకు వీలు. అంతకు మించి మేము ఆలోచించినది లేదు. కిందటి ఏడు మా తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు: "ఈ బాణసంచా అల్లూరి సీతారామరాజుగారి పుట్టినరోజుకేనా?" అందరం నవ్వాము. నవ్విన పెద్దలలో ఆ పుట్టినరోజు ఎప్పుడో తెలిసినవారు ఎందరని లెక్క చూసుకుంటే ఇద్దరే తేలారు!

సీతారామరాజు 1897 జులై 4న, విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లిగారి పుట్టింట జన్మించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యం ప్రజల పోడు సేద్యానికి అడ్డుపడింది. తాతల నాటి కొండమీద కట్టె కొట్టుకున్నా నేరమే అయినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడి రాజు అనుచరులు తుపాకులు పట్టుకుపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను పట్టుకొని కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడవ ఏడు నడుస్తున్నది. మన పిల్లలు చాలామంది చదువు ముగించి మొదటి ఉద్యోగంలో కుదురుకునే వయసు అది.

ఇక 1776. స్వాతంత్ర్యానికి కాంగ్రెసు ఓటు వేసినది జులై 2న. జనం ఆ తేదీనే పండుగ చేసుకుంటారని జాన్ ఆడమ్స్ భార్యకు ఉత్తరం కూడా వ్రాశాడు. ప్రకటన పాఠాన్ని ఆమోదించినది 4న కనుక ఆ తేదీయే నిలిచింది. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1826 జులై 4న, ఆడమ్సూ ఆ ప్రకటన వ్రాసిన జెఫర్సనూ కొన్ని గంటల తేడాలో కన్నుమూశారు. స్నేహితులై, ప్రత్యర్థులై, ముసలితనంలో ఉత్తరాలతో మళ్ళీ స్నేహితులైనవారు.

అదే ప్రకటనలో ఇక్కడి ఆదివాసులను దయలేని అనాగరికులని నిందించిన మాటా ఉన్నది. మన్యం మనుషుల కోసం ప్రాణమిచ్చినవాని పుట్టినరోజు అదే తేదీన వచ్చినప్పుడు ఆ మాటను దాటవేసి పిల్లలకు చెప్పడం మాకు సమ్మతం కాదు. అందరూ సమానులని వ్రాసిన జెఫర్సన్ ఇంట బానిసలుండేవారన్న సంగతీ అంతే.

మరొక పేరు పింగళి వెంకయ్యగారు. 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా సమర్పించిన ఆయన 1963 జులై 4న పేదరికంలోనే పోయారు. అమెరికా జెండాకు కూడా ఈ తేదీ ముఖ్యమే. 1818 చట్టం ప్రకారం కొత్త రాష్ట్రం చేరితే దాని నక్షత్రం తరువాత వచ్చే జులై 4న జెండా ఎక్కుతుంది. హవాయి నక్షత్రంతో యాభై పూర్తయినది 1960 జులై 4న. ఇంకొక చిత్రం. 1776లో ప్రకటనపై ఎక్కువమంది సంతకాలు చేసినది ఆగస్టు 2న. సరిగ్గా నూరేళ్ళకు, 1876 ఆగస్టు 2న, వెంకయ్యగారు పుట్టారు.

ఇందులో గ్రహబలమేమీ లేదు. మన అమ్మమ్మలకు తేదీలతో పనే లేదు. వారిదంతా తిథుల లెక్క. శ్రీరామనవమి ఒక ఏడు మార్చిలో వస్తే మరొక ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. తేదీలు కలిస్తే గుర్తుంచుకోవడం సులువు, అంతే. కాని ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ సులువే పెద్ద సాయం. స్కూలు వారికి జెఫర్సన్‌ను చెప్తుంది. రాజును, వెంకయ్యగారిని ఇంట్లో మనం చెప్పకపోతే మరెవరు చెప్తారు?

ఈసారి బాణసంచాకు ముందు పది నిమిషాలు కార్యక్రమంలో అడిగి తీసుకున్నాము. మాట్లాడేది ఆ పిల్లవాడే. పాండ్రంగి ఎక్కడుందో పటంలో తానే చూపిస్తానంటున్నాడు.