డొంకదారికి తోడు కావాలి
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకున్నాం. నేను మోటారు సైకిలు గురించి మాట్లాడతాను, నవ్వకండి.

సర్వీసులో రాజ్‌దూత్ మీద చెరువుకట్టలు, డొంకదారులు పట్టుకు తిరిగినవాణ్ణి. రిటైరయ్యాక ఎక్స్‌పల్స్ 200 కొన్నాను. నేలకూ బండి అడుగుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ, గతుకులకు వెరవదు. వెరవవలసింది నేనే. కిందటి వేసవిలో వికారాబాదు వైపు ఒంటరిగా వెళ్ళి, గరుసులో చక్రం జారి పడ్డాను. కాలు బండి కింద ఇరుక్కుంది. ఫోనుకు సిగ్నలు లేదు. మేకలు కాసే కుర్రవాడు వచ్చేవరకు, దాదాపు గంటసేపు, ఎండలో అలాగే ఉన్నాను. "ఇక ఒంటరిగా బండి తీస్తే నా మీద ఒట్టే" అన్నది మా ఆవిడ.

అందుకని ఒక క్లబ్బులో చేరాను. వాళ్ళ పద్ధతి మెచ్చుకోదగినది. ముందొకరు దారి తీస్తారు, అందరికీ వెనుక అనుభవజ్ఞుడొకరు వస్తారు. మలుపు వచ్చినప్పుడల్లా రెండవ బండివారు అక్కడ ఆగి, ఆ ఆఖరి మనిషి కనిపించేదాకా కదలరు. కనీసం ముగ్గురుండాలంటారు. ఒకరు పడితే ఒకరు దగ్గరుంటారు, మరొకరు సాయానికి వెళతారు. అనుమతి లేనిదే రిజర్వు ఫారెస్టులో అడుగుపెట్టరు. అంతా బాగానే ఉంది గాని, "అంకుల్, మీరు నెమ్మది" అంటూ నా జతకు ఎవరూ రారు. వాళ్ళ తప్పు కాదు లెండి, పాతికేళ్ళప్పుడు నేనూ అంతే.

మన సభ్యులలో గాని, మీ అబ్బాయిలు, అల్లుళ్ళు, మనుమలు, మనుమరాళ్ళలో గాని ఇద్దరు చాలు. లైసెన్సు, బీమా, హెల్మెట్టు, మోకాలి తొడుగులు ఉండాలి. ఆదివారం తెల్లవారుజామున అయిదుకు లేవాలి. నేను వెనుకబడితే ఆగాలి. టీ, టిఫిను ఖర్చు నాది.

సభ ముగిశాక ద్వారం దగ్గర ఉంటాను. మా ఆవిడ కూడా వచ్చింది, ముందు వరుసలోనే ఉన్నది. ఇంటర్వ్యూ ఆమెదే.