మైదానవాసులు మంచుకొండకు సిద్ధమగుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



ప్రతి సంవత్సరము వైశాఖమాసము వచ్చునప్పటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో పని సన్నగిల్లును. పత్తికట్టె పీకి కుప్పవేయుట ముగియును. మిరపకాయ కల్లము విడిచి యార్డుకు చేరును. రైతు చేతిలో నాలుగు డబ్బులు మెదలు కాలమది. సరిగా ఆ దినములలోనే హిమాలయములందు మంచు కరగి కేదారనాథ, బదరీనాథ ఆలయముల తలుపులు తెరవబడును. కాశీ చూచివచ్చినవారు, తిరుమల మెట్లెక్కినవారు, ఇక కేదారము కూడ చూడవలెనని బయలుదేరుదురు. మరికొందరు అమరనాథమునకు, కైలాస మానససరోవరములకు పోవుదురు. చదువుకొన్న యువకులు తీర్థబుద్ధితోనేకాక కొండనడక కొరకే, ట్రెక్కింగను పేర, మార్గదర్శకుల వెంట పోవుచున్నారు.

పోవుట మంచిదే. ఎట్లు పోవుచున్నారన్నదే ఆలోచింపదగిన సంగతి. గుంటూరు పట్టణము సముద్రమట్టమునకు సుమారు 30 మీటర్ల ఎత్తున నున్నది. ఒంగోలు అంతకంటెను తక్కువ. కేదారనాథము 3,583 మీటర్లు. ఇక్కడ రైలెక్కిన మనిషి నాలుగైదు దినములలో అక్కడ నిలుచును. బయలుదేరిననాడు ఎండ 44 డిగ్రీలు. చేరిననాటి రాత్రి నీరు గడ్డకట్టు చలి. కాళ్లను, ఊపిరితిత్తులను, గుండెను ఈ మార్పునకు ముందుగా సిద్ధపరచువారు అరుదు. 2022వ సంవత్సరపు యాత్రాకాలములో ఉత్తరాఖండములోని నాలుగు ధామముల మార్గములందు మరణించిన యాత్రికుల సంఖ్య రెండు వందలు దాటినది. 2013 జూన్ నాటి కేదారనాథ వరదను దేశమంతయు ఎరుగును. కాని ఈ రెండు వందల పైచిలుకు మందిలో అధికభాగమును తీసికొనిపోయినది వరద కాదు, గుండె, ఊపిరి.

కొండమీద గాలి ఎట్లుండునో మొదట తెలిసికొనవలెను. అక్కడ ప్రాణవాయువు పాలు తగ్గునని అనేకులు తలంతురు. అది సరికాదు. గుంటూరులోనైనను కేదారములోనైనను గాలిలో ప్రాణవాయువు నూటికి ఇరువదియొక పాలే. తగ్గునది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల ఎత్తున ఒత్తిడి ఇక్కడి దానిలో సుమారు మూడింట రెండు వంతులు. 5,500 మీటర్ల యొద్ద సగము. కావున ఒక గుటక గాలి పీల్చినచో లోపలికి చేరు ప్రాణవాయువు ఆ మేరకు తక్కువ. శరీరము ఈ లోటును పూడ్చుకొనగలదు. మొదటి గంటలలోనే ఊపిరి వేగమగును, గుండె త్వరగా కొట్టుకొనును. కొన్ని దినములలో మూత్రపిండములు రక్తమును కొత్త పరిస్థితికి సరిదిద్దును. రక్తములో ఎఱ్ఱకణములు పెరుగుటకు వారములు పట్టును. ఈ పనులలో ఒక్కటియు డబ్బుతో గాని, బలముతో గాని, భక్తితో గాని త్వరపడదు.

బలము మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నలుబది కిలోల మిరప టిక్కీని ఒంటిచేతితో భుజమున కెత్తుకొను యువకుడు, పత్తి బోరెమును లారీపై కెగురవేయు వాడు, తనకేమియు కాదని నమ్ముట సహజము. కొండమీది జబ్బు బలవంతుని విడువదు. పైగా బలవంతుడు వేగముగా నడచును. వేగముగా ఎక్కినవానికే అది ముందు తగులును. ముప్పది యేండ్ల వ్యాయామశీలి మంచమెక్కగా, అరువది యేండ్ల పెద్దమ్మ చేతికఱ్ఱ పట్టుకొని మెల్లగా నడచి క్షేమముగా చేరుట ఆ దారులలో వింత కాదు.

తెలుగునాట దీనికి గొప్ప నిదర్శనమొకటి కలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామములో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సైకిలు మరమ్మతు పనివాని కుమారుడు సాధనపల్లి ఆనందకుమార్, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమెక్కిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు ఇంకను నిండలేదు. ఇద్దరును అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. శిఖరముపై నిలిచిన ఛాయాచిత్రమును అందరును చూచిరి. దానికి ముందు జరిగినదానిని చూచినవారు కొలదిమంది. సంస్థ కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ పూనికతో, పర్వతారోహకుడు శేఖర్ బాబు శిక్షణలో, 2013లో నూటికి పైగా విద్యార్థులు మొదట భువనగిరి ఏకశిలపై త్రాళ్లు పట్టి ఎక్కుట నేర్చిరి. వారిలో కొందరిని ఏరి డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపిరి. 1954లో స్థాపింపబడి, టెన్సింగ్ నార్గే శిక్షణాధిపతిగా పనిచేసిన సంస్థ అది. అక్కడ వారు రెనాక్ శిఖరమెక్కిరి. మరల ఏరగా మిగిలినవారు నడి శీతకాలమున లడఖ్ చలిలో నడచిరి. ఆ పిమ్మట ఇద్దరు మిగిలిరి. నేపాలము వైపున పదునారేండ్లు నిండనివారికి అనుమతి లేనందున టిబెట్టు వైపునుండి, షెర్పాల తోడుతో, ఏబది దినములకు పైబడిన యాత్రలో శిఖరము చేరిరి.

ఇందు గమనింపదగినది ధైర్యమొక్కటే కాదు, క్రమము కూడ. ఊరి కొండ, ఆపై పెద్ద కొండ, ఆపై మంచు, ఆపై శిఖరము. ఒక మెట్టు దాటకుండ మరియొక మెట్టు వారికి చూపబడలేదు. పూర్ణ ఆ దారిని అంతటితో విడువక 2022 నాటికి ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను ముగించెను.

గుంటూరు సీమవానికి ఊరి కొండ లేదా? నరసరావుపేట సమీపమున కోటప్పకొండ, ఆవల కొండవీడు, ఇవతల మంగళగిరి పానకాలస్వామి మెట్లు ఉండనే యున్నవి. కేదారమునకు పోదలచినవారు సంక్రాంతి వెళ్లగనే నడక మొదలుపెట్టవలెను. తెల్లవారుజామున ముందు గంటసేపు పొలముగట్టున. నెల గడచిన తరువాత వారమునకు రెండుమారులు మెట్లు. వీపున ఐదారు కిలోల సంచి ఉండవలెను. ఎక్కుటవలన ఊపిరి, దిగుటవలన మోకాళ్లు పరీక్షకు వచ్చును. హిమాలయములలో దిగునప్పుడే పెక్కుమంది కుంటుదురు గనుక దిగుటను కూడ అభ్యసింపవలెను. కొత్త బూట్లు ప్రయాణపు ముందునాడు కొనుట పాదములకు శిక్ష వేయుటయే. రెండు నెలలు ముందు కొని, ఈ మెట్లమీదనే వానిని మెత్తబరచుకొనవలెను.

అయితే ఒక నిజము దాచరాదు. కోటప్పకొండ నూరుమార్లెక్కినను పలుచని గాలి అలవాటు కాదు. ఇక్కడి కొండ కాళ్లకు, గుండెకు బడి. రక్తమునకు బడి అక్కడనే. ఆ బడిలో పాఠము ఒక్కటే: 3,000 మీటర్లు దాటిన తరువాత, నిన్న నిద్రించిన చోటికంటె నేడు నిద్రించు చోటు 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు, మూడు నాలుగు దినముల కొకమారు కదలక విశ్రమింపవలెను. పగలు ఇంకను పైకి నడచి రావచ్చును. రాత్రి నిద్ర క్రిందనే. ఎవరెస్టు దండులు సైతము పైకెక్కి మరల క్రిందికి దిగి, ఇట్లు పలుమారులు చేసిన పిమ్మటనే శిఖరము మాట తలపెట్టును. గుఱ్ఱమెక్కినను, డోలీలో కూర్చున్నను ఈ నియమము మారదు. అవి కాళ్లను కాపాడును గాని గాలిని చిక్కబరుపవు.

ఇక మూట ముల్లె సంగతి. పత్తి పండించు రైతునకు ఈ మాట రుచింపకపోవచ్చును: మంచుకొండపై నూలుబట్ట శత్రువు. చెమటకు, వానకు తడిసిన నూలు త్వరగా ఆరదు. ఒంటి వేడిని లాగివేయును. ఒంటిని అంటియుండు బట్ట ఉన్నిదిగాని, త్వరగా ఆరు కృత్రిమపు నూలుదిగాని కావలెను. దానిపై ఉన్ని కోటు, ఆపైన గాలి వాన చొరని అంగీ. పొరలు పొరలుగా నున్నచో నడచునపుడు విప్పుటకు, నిలిచినపుడు తొడుగుటకు వీలగును. చెవులకు టోపీ, చేతులకు తొడుగులు, మంచు మెరుపునకు నల్లకళ్లద్దములు మరువరాదు. మధుమేహపు మందులు, ముఖ్యముగా ఇన్సులిను, గడ్డకట్టకుండ లోజేబులో ఒంటికి దగ్గరగా నుంచుకొనవలెను.

మిరపకాయ మాత్రము మిత్రమే. ఎత్తైన చోట ఆకలి చచ్చును. ముద్ద నోటికి పోదు. అప్పుడు ఒక చెంచాడు గోంగూర పచ్చడి చేయు మేలు బిస్కట్ల డబ్బా చేయదు. అన్నము బలవంతముగానైనను తినవలెను. దాహము వేయకున్నను నీరు త్రాగవలెను. క్షేత్రమునకు పోవుచున్నామని సోమవారమనియు ఏకాదశియనియు ఉపవాసముండుట ఆ ఎత్తులలో ప్రమాదకరము. బీడి, చుట్ట నెలలు ముందుగనే మానవలెను. పొగాకు పండించు సీమలో ఈ మాట చెప్పుట కష్టమే యైనను చెప్పకతప్పదు. మద్యము, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేయును గనుక అక్కడ అసలే పనికిరావు.

కర్పూరమును గుడ్డలో కట్టి వాసన చూచుకొనుచు పోవుట తెలుగు యాత్రికులలో పరిపాటి. ముక్కు తెరచుకొన్నట్లు హాయిగా తోచును గాని, దానివలన రక్తములో ప్రాణవాయువు ఒక్క చుక్కయు పెరుగదు. దుకాణములలో అమ్ము చిన్న ఆక్సిజను డబ్బా కొద్ది నిమిషముల ఉపశమనము. దానిని నమ్మి ఇంకను పైకి పోవుట తగదు. అసెటజోలమైడు అను మాత్ర కొందరికి ఉపకరించును. దానిని ఎవరు వాడవచ్చునో, ఎవరు వాడరాదో వైద్యుడే నిర్ణయింపవలెను. రక్తపోటు, చక్కెర, గుండె, రక్తహీనత పరీక్షలు బయలుదేరుటకు నెలముందే చేయించినచో చికిత్సకు వ్యవధి చిక్కును.

ఈ విషయమున కైలాస మానససరోవర యాత్ర నియమములు ఆదర్శప్రాయములు. 1981 నుండి భారత విదేశాంగశాఖ నడపుచున్న ఈ యాత్ర 2020 నుండి ఐదేండ్లు ఆగి 2025లో మరల ఆరంభమైనది. పదునెనిమిది మొదలు డెబ్బది యేండ్ల వారికే ప్రవేశము. ఎత్తునకు మించిన బరువున్నవారిని తీసికొనరు. ఢిల్లీలో వైద్యపరీక్ష జరుగును. లిపులేఖు మార్గమున పోవువారికి గుంజీ యొద్ద మరల జరుగును. అక్కడ ఓడినవారిని అక్కడినుండియే త్రిప్పి పంపుదురు. కైలాస ప్రదక్షిణములో దాటవలసిన డోల్మా కనుమ 5,630 మీటర్ల ఎత్తు. అంత ఎత్తునకు పోవువారిని గుంజీలో ఏడ్పించుటయే దయ.

మిగిలిన యాత్రలలో ఇట్లు ఆపు అధికారి అడుగడుగున ఉండడు. ఆ అధికారము యాత్రికుని చేతిలోనే యున్నది, కష్టమంతయు అక్కడనే. తలనొప్పి, వికారము, నిద్రలేమి మొదటి గుర్తులు. ఇవి ఉన్నప్పుడు పైకి పోరాదు. కూర్చుండియున్నను ఆయాసము, తెరలు తెరలుగా దగ్గు వచ్చినచో ఊపిరితిత్తులలో నీరు చేరుచున్నదని ఎరుగవలెను. మడమకు వ్రేళ్లు తగులునట్లు అడుగులో అడుగు వేయుచు గీతవెంబడి నడువలేక తూలినచో మెదడు వాచుచున్నది. ఈ రెండింటికిని మందుకంటె ముందు చేయవలసినది తక్షణమే క్రిందికి దింపుట, తెల్లవారనిమ్మనరాదు. ఇవి తెలియనివారు తక్కువ. తెలిసియు దాచువారే ఎక్కువ. ఇంత ఖర్చు పెట్టి వచ్చితిమి, మ్రొక్కు తీరవద్దా, నలుగురిలో పరువు పోదా, తనవలన బృందమంతయు ఆగిపోవునే అని దాచుదురు. ఇండ్లలో జ్వరమును సైతము దాచుకొని వంట చేయుటకు అలవాటుపడిన స్త్రీలు మరింత దాచుదురు. కావున బయలుదేరకముందే, ఇంటి అరుగుమీదనే, ఒక ఒప్పందము జరుగవలెను: తలనొప్పి వచ్చినవారు చెప్పవలెను, చెప్పినవారిని ఎవరును ఎత్తిపొడువరాదు, వారిని ఒంటరిగా దింపక ఒకరు తోడు దిగవలెను, ఆ తోడెవరో ముందే పేరు పెట్టుకొనవలెను. మార్గదర్శకుడు వెనుదిరుగుమన్నచో అది బేరమాడదగిన మాట కాదు.

కొండ ఎవరిని గౌరవింపదో తెలియుటకు పొరుగు జిల్లా చాలును. నెల్లూరు జిల్లా సంగం మండలపు గాంధీ జనసంఘం గ్రామమున పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల శిఖరములను 172 దినములలో ఎక్కిన మహారోహకుడు. అంతటివాడు 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా పైకి పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి దినములలో ఆయన దేహము కనబడినది. ఆయన నేర్పును గూర్చి సందేహించుటకు ఎవరికిని అర్హత లేదు. అంతటి నేర్పరియైనను ఆ కొండపై చిక్కుకొన్ననాడు ప్రక్కన తోడు లేదు.

చివరకు కేదారయాత్ర లెక్క ఒకటి వేయవచ్చును. హరిద్వారమునుండి బస్సెక్కి, మరునాడు 1,982 మీటర్ల గౌరీకుండము చేరి, ఆ మరునాడే పదునారు కిలోమీటర్లు నడచి 3,583 మీటర్ల యొద్ద పండుకొనుట ఇప్పటి అలవాటు. ఒక్క పగటిలో 1,600 మీటర్లు! హెలికాప్టరులోనైతే ఫాటా నుండి పది నిమిషములే. దీనికి బదులు గుప్తకాశిలో ఒక దినము, గౌరీకుండ ప్రాంతమున మరియొక దినము ఆగి, అటునిటు నడచుచుండి, దారిలో లించోలి యొద్ద వసతి దొరకినచో అక్కడ రాత్రి గడపి, మరునాడు దర్శనము చేసికొని, వీలైనచో ఆ సాయంకాలమే క్రిందికి దిగుట మేలు. ఇందుకు అదనముగా పట్టునది రెండు మూడు దినముల బసఖర్చు. అందుచేత తిరుగు ప్రయాణపు రైలు టిక్కెట్టును ఇక్కడ కొనునాడే, అనుకొన్నదానికంటె మూడు దినములు వెనుకకు తీసికొనవలెను.